ఇల్లు ఊళ్లో.. మంచం ఎడారిలో

జగిత్యాల నుంచి ధర్మపురి వెళ్లే దారిలోనైనా, సిరిసిల్ల నుంచి వేములవాడ వెళ్లే దారిలోనైనా ఒకసారి ఊళ్లలోకి మళ్లి చూడండి. పెంకుటిళ్ల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి రంగురంగుల స్లాబు ఇళ్లు కనిపిస్తాయి. ముందు గ్రానైట్ మెట్లు, స్టీలు రెయిలింగు, మనిషెత్తు గేటు. తలెత్తి చూస్తే పిల్లర్లలోంచి పైకి లేచిన ఇనుప సలాకలు. వానకు తడిసి, ఎండకు ఎండి తుప్పు పట్టి ఉంటాయవి. పై అంతస్తు తర్వాత వేసుకుందామని వదిలినవి. వరండాలో ఒక ముసలమ్మ, కోడలు, బడి నుంచి వచ్చిన పిల్లలు. ఇల్లు ఎవరిదమ్మా అని అడిగితే ‘‘మా కొడుకుది బిడ్డా, దుబాయ్‌ల ఉంటడు’’ అంటుంది ముసలమ్మ. అతడున్నది రియాద్ కావచ్చు, దోహా కావచ్చు, మస్కట్ కావచ్చు. ఈ పల్లెల్లో గల్ఫ్ దేశం ఏదైనా దుబాయే.

ఆ ఇంటి యజమాని ఆ ఇంట్లో ఉన్న రోజులు లెక్కపెడితే, దాన్ని కట్టిన మేస్త్రి ఉన్న రోజుల కంటే తక్కువే తేలతాయి.

దేశాలు మారి బతికేవాళ్లకు ఇల్లంటే ఏమిటన్న మాట వచ్చినప్పుడల్లా మన సభల్లో, పత్రికల్లో అమెరికా తెలుగువాళ్ల సంగతే ముందు వినిపిస్తుంది. పిల్లలకు తెలుగు రావడం లేదన్న దిగులు, అమ్మానాన్నలు ఒంటరిగా ఉన్నారన్న బాధ, రెండు ఊళ్ల మధ్య ఊగే మనసు. ఆ బాధలు నిజమైనవే. కానీ ఈ ప్రశ్న అన్నిటికంటే గట్టిగా తగిలేది ఉత్తర తెలంగాణ పల్లెలకు, కోనసీమకు, కడప, రాయచోటి ప్రాంతాలకు. అక్కడ ఇల్లు మనసుకు సంబంధించిన విషయంగా మొదలవదు. వీసా మీద ఏం రాసి ఉంది, జీతం ఎంత అన్న దగ్గర మొదలవుతుంది.

జీతం గీసిన గీత

గల్ఫ్‌లో ఉన్న భారతీయులు దాదాపు 90 లక్షల మంది. వాళ్లలో భార్యాపిల్లలను వెంట ఉంచుకోగలిగేది ఎవరు? యూఏఈలో కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే నెలకు కనీసం 4,000 దిర్హామ్‌ల జీతం ఉండాలి. కంపెనీ ఇల్లు ఇస్తే 3,000 చాలు. కువైట్ 2024 జనవరిలో కుటుంబ వీసాకు జీతం హద్దును 800 దినార్లకు పెంచింది. ఇప్పుడు మన ఊళ్ల నుంచి వెళ్లే హెల్పర్, సెంట్రింగ్ పనివాడు, క్లీనర్ జీతం చూడండి. వెయ్యి దిర్హామ్‌లు, పన్నెండు వందలు. మన డబ్బుల్లో ఇరవై వేలు దాటి, ముప్పై వేలలోపు. ఆ గీత దాటడం ఇరవై ఏళ్లు పనిచేసినా అతడి వల్ల కాదు.

అంటే ఇంజినీరు వెళ్తే అతడి ఇల్లు అతడితో పాటు వెళ్తుంది. కూలీ వెళ్తే ఇల్లు ఇక్కడే ఉండిపోతుంది. ఒకే విమానంలో ఎక్కిన ఇద్దరి మధ్య ఈ తేడా పెట్టింది ప్రేమాభిమానాలు కావు, జీతం కాగితం. ‘పెళ్లాం పిల్లల్ని వదిలి ఎలా ఉంటున్నారో’ అని అతడి మీద జాలిపడే పెద్దమనుషులు ముందు ఈ అంకె తెలుసుకోవాలని నా కోరిక. అతడు వదిలి వెళ్లలేదు. తీసుకెళ్లనివ్వలేదు.

మరో సంగతి. గల్ఫ్ దేశాల్లో పాతికేళ్లున్నా మామూలు కార్మికుడికి పౌరసత్వం రాదు. యజమాని పేరు మీద నడిచే కఫాలా పద్ధతిలో అకామా (నివాస అనుమతి) ఉన్నన్నాళ్లే అక్కడ నిలువ నీడ. ఖతర్ 2020లో యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలిచ్చింది. 2021 మార్చి నుంచి వెయ్యి రియాళ్ల కనీస వేతనం పెట్టింది. సౌదీ కూడా 2021లో కొన్ని పట్లు సడలించింది. మంచిదే. కానీ వీటిలో ఏదీ అతడిని అక్కడివాడిగా చేయదు. మొదటి రోజు విమానం దిగినప్పుడే తిరుగు ప్రయాణం ఖాయమై ఉంటుంది, తేదీ ఒక్కటే తెలియదు. అందుకే సంపాదనంతా ఇటువైపే గోడలుగా లేస్తుంది.

విడతల వారీగా ఒక ఇల్లు

మొదటి రెండేళ్ల సంపాదన ఏజెంటుకు కట్టిన అప్పుకు పోతుంది. నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన సొమ్ము అది. రెండో విడత పోయినప్పుడు జాగా, పునాది. మూడో విడతకు గోడలు, స్లాబు. ఆ తర్వాత ఆడపిల్ల పెళ్లి వస్తే ఇల్లు ఆగుతుంది. నాలుగో విడతకు టైల్స్, రంగులు. గృహప్రవేశం నాటికి అతడికి చుట్టీ (సెలవు) దొరకదు. పాలు పొంగించేటప్పుడు ఫోన్ పట్టుకుని చూపించడానికి మేనల్లుడినో, తమ్ముడి కొడుకునో నిలబెడతారు. యూఏఈలో వాట్సాప్ కాల్ కలవదు కనుక బోటిమ్ యాప్ ఈ ఊళ్లలో డెబ్బై ఏళ్ల ముసలమ్మకూ తెలిసిన పేరు. తెర మీద అతడు తన ఇల్లు తాను చూసుకుంటాడు. ‘ఆ మూలకు జరుపు, దేవుని అర్ర చూపియ్యి, బోరు మోటరు చూపియ్యి.’

ఈ కథలో మనం పూర్తిగా మరిచిపోయే మనిషి ఒకరున్నారు. ఇల్లు నిజంగా కట్టించిన ఆడమనిషి. ఇసుక ట్రాక్టరు వచ్చిన రోజు గేటు దగ్గర నిలబడి కొలత చూసుకున్నది ఆమె. పిల్లర్లకు ఏ సైజు సలాక వేశావని మేస్త్రిని నిలదీసింది ఆమె. పొద్దుమాపు గోడలకు నీళ్లు పట్టింది, కూలీలకు శనివారం లెక్క చూసింది, డబ్బు రాని నెల పుస్తెలతాడు కుదువపెట్టి పని ఆగకుండా చూసింది ఆమె. బడి ఫీజు, అత్తమామల దవాఖానా, పొలం కౌలు, డ్వాక్రా సంఘం కిస్తు అన్నీ ఆమె తలమీదే. ‘దుబాయ్ ఇల్లు’ అని ఊరంతా అంటుంది గానీ ఆ ఇంటిని లేపింది ఇద్దరు మనుషులు, రెండు దేశాల్లో. తీరా చూస్తే చాలాచోట్ల ఇంటి కాగితం భర్త పేరునో, మామ పేరునో ఉంటుంది. అతడికి అక్కడ ఏమైనా అయితే ఆమె తాను కట్టించిన ఇంట్లో మరిది దయ మీద ఉండాల్సిన పరిస్థితి. ఇది మారాలి. ఆ కాగితం మీద ఆమె పేరు ఉండి తీరాలి.

తెర లోపల ఆరడుగులు

ఇక అటువైపు. దుబాయ్‌లో సోనాపూర్, అబుదాబిలో ముసఫ్ఫా, దోహాలో ఇండస్ట్రియల్ ఏరియా. లేబర్ క్యాంపులకు పేరుపడ్డ చోట్లు. గదికి ఆరుగురో, ఎనిమిది మందో. మంచం మీద మంచం. కింది మంచం దక్కినవాడు అదృష్టవంతుడు, ఎందుకంటే పై మంచం అంచుకు పాత దుప్పటి దోపి తెర కట్టుకోవచ్చు. ఆ తెర లోపల ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు చోటు అతడిది. తలవైపు గోడకు కొండగట్టు అంజన్న పటం, దాని పక్కన బిడ్డల ఫొటో. మేకుకు కంపెనీ కార్డు, ఫోన్ ఛార్జరు. కాళ్లవైపు ఉతికి మడిచిన యూనిఫాం. మంచం కింద సూట్‌కేసు, దాని మీద సగం నింపిన కార్టన్. నిడో పాలపొడి, టాంగ్ డబ్బా, టైగర్ బామ్, ఖర్జూరాలు, తల్లికి దుప్పటి. జీతం వచ్చిన ప్రతి నెలా ఒక వస్తువు చొప్పున చేరుతూ, చుట్టీ వచ్చేనాటికి పెట్టె నిండుతుంది. తలాపున సీసాలో మామిడికాయ తొక్కు. సెలవు రోజునే దాని మూత తీస్తారు, గదిలో అందరికీ తలా ఇంత పెడతారు.

తెల్లవారుజామున నాలుగింటికి బాత్రూం ముందు వరుస. తర్వాత బస్సు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదన్న నిబంధన ఉంది. మిగతా పొద్దంతా ఎండే.

ఇలాంటి చోటును ఇల్లు అనడానికి నోరు రాదు. అయినా అక్కడ ఇల్లు లాంటిదేదో ఉంది, దాన్ని తక్కువ చేయకూడదు. ఊళ్లో ఎవరి తండ్రైనా పోయాడని కబురొస్తే గదిలో వాళ్లు చందా వేసి రాత్రికి రాత్రే టికెట్ కొనిపెడతారు. జ్వరమొస్తే పక్క మంచం నేపాలీ కుర్రాడు గంజి కాచి ఇస్తాడు. కొత్తగా వచ్చినవాడికి మొదటి జీతం చేతికందే దాకా మెస్ లెక్క అడగరు. పని వదిలి బయటపడ్డ ‘ఖల్లివెల్లి’ వాళ్లకు ఒక పూట చోటివ్వడం నేరమని తెలిసీ చోటిస్తారు. రక్త సంబంధం లేని ఈ ఇంటి గురించి ఊళ్లో ఎవరికీ చెప్పుకోరు. తిరిగొచ్చాక మాత్రం ఆ గదిలోవాళ్ల పేర్లు తమ్ముళ్ల పేర్ల కంటే ముందు చెబుతారు.

2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికులుండే భవనం మంటల్లో చిక్కుకుంది. చనిపోయిన భారతీయులు 45 మంది, వాళ్లలో ఆంధ్రప్రదేశ్ వాళ్లు కూడా ఉన్నారు. చాలామంది నిద్రలో ఉన్నారు. మంచాలు ఒత్తి పెట్టి అద్దె మిగుల్చుకునే పద్ధతికి ఎంత ఖరీదు కట్టాల్సి వచ్చిందో ఆ రోజు లోకానికి తెలిసింది.

పరాయి వంటింట్లో

గోదావరి జిల్లాల్లో, కడప, అన్నమయ్య జిల్లాల్లో కువైట్ అంటే మగవాళ్ల కంటే ముందు గుర్తొచ్చేది ఆడవాళ్లు. ఇళ్లల్లో పనికి వెళ్లినవాళ్లు. వాళ్లకు తెర కట్టుకునే మంచం కూడా సొంతం కాదు. ఉండేది యజమాని ఇంట్లో. ఆ ఇంట్లో ఎవరికి చక్కెర లేని చాయ్ కావాలో, ఏ బిడ్డ ఎవరి పక్కన నిద్రపోతుందో, పెద్దావిడకు ఏ పూట ఏ మాత్ర వేయాలో అన్నీ పనికి వచ్చిన ఆమెకు తెలుసు. యజమానిని బాబా అని, అతడి భార్యను మామా అని పిలుస్తుంది. అరబీలో పిల్లలను గదమాయిస్తుంది, బుజ్జగిస్తుంది. ఆ ఇల్లు ఆమె చేతుల మీద నడుస్తుంది, కానీ ఆ ఇంటి తలుపు తీసుకుని బయటికి వెళ్లే స్వేచ్ఛ ఆమెకు ఉండకపోవచ్చు. తన బిడ్డ ఏమో అమలాపురం దగ్గర అమ్మమ్మ ఇంట్లో పెరుగుతుంటుంది.

కువైట్ 2015లోనే ఇంటి పనివాళ్ల కోసం చట్టం తెచ్చింది. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. 2016లో కనీస జీతం 60 దినార్లుగా తేల్చింది. మన ప్రభుత్వం కూడా పదో తరగతి లేని ఆడవాళ్లు 30 ఏళ్లు నిండితేనే ఈ పనులకు వెళ్లాలని నిబంధన పెట్టింది. నిబంధన ఉందని తెలిసిన ఏజెంట్లు విజిట్ వీసా చేతిలో పెట్టి పంపేస్తున్నారు. ఇంటి పనికి ఫ్యాక్టరీ తనిఖీ అధికారి రాడు. నాలుగు గోడల మధ్య ఏం జరిగినా చూసే కన్ను ఉండదు. అందుకే ఈ ఆడవాళ్ల విషయంలో ఇల్లు అనే చోటే అన్నిటికంటే ప్రమాదకరమైన పనిచోటు అయింది.

రెండుసార్లు ఖాళీ చేసినవాళ్లు

తెలుగువాళ్లు సముద్రం దాటి ఇల్లు కట్టుకోవడం కొత్త కాదు. కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి, విశాఖ, గంజాం తీరాల నుంచి లక్షల మంది రంగూన్ వెళ్లారు. బర్మాలో తెలుగువాళ్లను కోరంగీలు అనే పిలిచేవారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో మన కూలీల మీద దాడులు జరిగి ఎందరో చనిపోయారు. 1942లో జపాన్ సేనలు వస్తుంటే అడవుల వెంట కాలినడకన బయల్దేరారు. మిగిలినవాళ్లు 1964లో నే విన్ సైనిక ప్రభుత్వం దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాక మూటాముల్లె సర్దుకున్నారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అలా వెలిసింది. తరతరాలుగా ఉన్న ఇల్లు ఒక్క ఉత్తర్వుతో పరాయిదవుతుందని ఆ కుటుంబాలకు తెలుసు.

గల్ఫ్‌లో అయితే అలా తరతరాలు ఉండనివ్వరు కూడా. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు సుమారు 1.7 లక్షల మంది భారతీయులను అమ్మాన్ మీదుగా విమానాల్లో తెచ్చారు. 2020లో కొవిడ్‌తో మళ్లీ అదే పరుగు. చాలామంది చివరి నెలల జీతం, పని ముగించినందుకు రావాల్సిన సొమ్ము వదులుకుని వచ్చారు. సరిగ్గా అదే ఏడాది సెప్టెంబరులో కేంద్రం గల్ఫ్ దేశాలకు వెళ్లే మన కార్మికుల కనీస వేతనాలను 30 నుంచి 50 శాతం దాకా తగ్గిస్తూ సర్క్యులర్లు ఇచ్చింది. తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. గల్ఫ్ కార్మిక సంఘాలు గొంతెత్తాయి. 2021 జులైలో ఆ సర్క్యులర్లు వెనక్కి తీసుకున్నారు. పోట్లాడితే పని జరుగుతుందని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

అమెరికా సంగతి ఒక ముక్క. అక్కడ హద్దు గీసేది జీతం కాదు, పుట్టిన దేశం. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికీ ఏడాదికి 7 శాతం మించకూడదు. ఆ వరుసలో మనవాళ్లు ఏళ్లకు ఏళ్లు నిలబడి ఉన్నారు. ఇల్లు కొంటారు, పిల్లలు అక్కడి బడిలో చదువుతారు. ఈలోగా గ్రీన్‌కార్డు రాకుండా పిల్లవాడికి 21 నిండితే తల్లిదండ్రుల వీసా నీడ అతడికి పోతుంది. మెడ మీద కత్తి అక్కడా ఉంది. కాకపోతే కుటుంబం ఒక కప్పు కింద ఉంటుంది. ఆ ఒక్క తేడా చాలా పెద్దది.

సొంత ఇంట్లో చుట్టం

రెండేళ్లకో, మూడేళ్లకో చుట్టీ దొరుకుతుంది. శంషాబాద్‌లో దిగిన మొదటి వారం పండగే. వేములవాడ రాజన్నకు కోడె మొక్కు తీరుస్తారు, చుట్టాలందరికీ దావత్ ఇస్తారు. రెండో వారం నుంచి అతడికి తెలుస్తుంది, ఈ ఇల్లు తాను లేకుండా నడవడం నేర్చుకుందని. కత్తెర ఏ సొరుగులో ఉందో తెలియదు. కొడుకు ఏ క్లాసో ఒకటికి రెండుసార్లు అడగాల్సి వస్తుంది. చిన్న బిడ్డ ఫోన్‌లో ముద్దులు పెట్టేది, ఎదురుగా వస్తే తల్లి కొంగు చాటుకు పోతుంది. ఆ బిడ్డ తండ్రి చెంతకు చేరే సరికి సెలవు అయిపోతుంది.

వయసు మళ్లి శాశ్వతంగా వచ్చేసినప్పుడు కష్టం ఇంకా ఎక్కువ. చేతిలో షుగర్ మాత్రలు, నడుం నొప్పి. పింఛను లేదు, పీఎఫ్ లేదు. ఇల్లు కట్టడానికే జీవితం అయిపోయింది, ఆ ఇంట్లో బతకడానికి కావలసింది మిగల్లేదు. రిజర్వు బ్యాంకు సర్వే ప్రకారం 2023-24లో ప్రవాసులు దేశానికి పంపిన 11,870 కోట్ల డాలర్లలో తెలంగాణకు చేరింది 8.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 4.4 శాతం. ఈ సొమ్ము మన బ్యాంకులకు, సిమెంటు కంపెనీలకు, బంగారం దుకాణాలకు చేరింది. పంపినవాడు ముసలివాడై వచ్చినప్పుడు వీటిలో ఏదీ అతడిని గుర్తుపట్టదు.

ఓటు సంగతీ అంతే. 2010లో చట్టం మార్చి ప్రవాస భారతీయులకు ఓటు హక్కు ఇచ్చారు, కానీ పోలింగ్ రోజు పాస్‌పోర్టు పట్టుకుని సొంత ఊరి బూత్‌కు రావాలి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో దేశం మొత్తం మీద నమోదైన ప్రవాస ఓటర్లు సుమారు 1.2 లక్షలు. వచ్చి ఓటేసింది 2,958 మంది, అందులోనూ అత్యధికులు కేరళవాళ్లు. వెయ్యి దిర్హామ్‌ల జీతగాడు ఓటు కోసం విమానం ఎక్కగలడా? ఓటు లేనివాడి ఇంటికి నాయకుడు ఎందుకొస్తాడు?

కొన్ని అడుగులు పడ్డాయి, వాటిని మెచ్చుకోవాలి. తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ప్రకటిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసుల ఫిర్యాదులు వినే ప్రవాసీ ప్రజావాణి కూడా మొదలైంది. అయితే ఆ 5 లక్షలు చనిపోయాక అందే సాయం. బతికుండి తిరిగొచ్చినవాడికి ఏముందన్నది రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ జవాబు చెప్పాల్సిన ప్రశ్న. పింఛను పథకంలో అతడిని చేర్చాలి. పాతికేళ్ల పని అనుభవానికి ఒక ధ్రువపత్రం, చిన్న పనికి పెట్టుబడి ఇవ్వాలి. ఇవి గొంతెమ్మ కోరికలేం కావు.

ఈ వారం మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఎవరైనా గల్ఫ్‌కు పెట్టె సర్దుకుంటుంటే వాళ్ల దగ్గర కాసేపు కూర్చోండి. అది విజిట్ వీసా అయితే ఆపండి. పని కోసం వెళ్లేవాళ్లకు ఉద్యోగ వీసాయే ఉండాలి, కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో వాళ్ల పేరు నమోదు కావాలి. ఒప్పంద పత్రం నకలు ఒకటి ఇంట్లో ఉంచమనండి. పంపే డబ్బు భార్య ఖాతాలో పడాలని, కట్టబోయే ఇంటి కాగితం మీద ఆమె పేరు ఉండాలని చెప్పండి. పదో తరగతి లేనివాళ్లకు తప్పనిసరి అయిన ప్రవాసీ భారతీయ బీమా యోజన కాగితం ఉందో లేదో అడిగి చూడండి. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వతంగా వికలాంగులైనా ఇంటికి 10 లక్షలు వచ్చే బీమా అది. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు.